సర్ది తుమ్ము, ఉత్త తుమ్ము

మొన్న కార్తీకంలో ఒక పొద్దున మా కోడలు ఆఫీసుకు బయలుదేరి గడప దాటుతుండగా నా మనవరాలు గట్టిగా తుమ్మింది. ఒకే ఒక్క తుమ్ము. కాఫీ తాగుతున్నదాన్ని గ్లాసు పట్టుకుని అట్లాగే ఉండిపోయాను. కోడలు మాత్రం వెనక్కి తిరగకుండానే "ముక్కు తుడుచుకో నాన్నా, టిష్యూలు టీవీ పక్కన ఉన్నాయి" అని చెప్పి లిఫ్టు వైపు నడిచింది. సాయంత్రం క్షేమంగా తిరిగొచ్చింది కూడా. నాకు మాత్రం ఆ రోజంతా ఏ పనీ తోచలేదు. పిల్లను దగ్గరికి పిలిచి "నీకు జలుబు చేసిందా?" అని అడిగాను. "ఏమో, తెలీదు నానమ్మా" అని ఆటలోకి పోయింది. అంత తేలిగ్గా ఆ మాట అనగలిగినందుకు దాని మీద నాకు కాస్త అసూయ కలిగింది. నా పదో ఏట నన్నూ ఒకరు ఇదే ప్రశ్న అడిగారు. నేను చెప్పిన జవాబు ఒకే ఒక్క మాట. దాన్ని ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పకుండా దాచుకుని తిరిగాను.

మేం అప్పుడు నాంపల్లి స్టేషను వెనక సందులో కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. రెండు గదులు, ఒక వంటిల్లు, వెనక చిన్న వాకిలి. నేలంతా షాబాదు బండలు. ఎండాకాలంలో ఆ బండల మీద పడుకుంటే ప్రాణం లేచొచ్చేది. దీపావళి వెళ్లిన మర్నాటి నుంచి అవే బండలు మా నాయనమ్మకు శత్రువులు. బేగం బజారు నుంచి ఖాళీ గోనెసంచులు తెప్పించి, ఉతికి ఎండబెట్టి, మంచం దగ్గర నుంచి వంటింటి దాకా, వంటింటి నుంచి వాకిలి దాకా పరిచేది. ఇంట్లో అందరూ ఆ దారినే నడవాలి. పక్కకు అడుగు పడితే ఏ మూలనున్నా ఆమెకు తెలిసిపోయేది. "గా బండ మీద ఎందుకు నిలబడ్డవ్ పోరీ? సర్ది కాళ్లకెళ్లి ఎక్కుతది, తలకెళ్లి గాదు" అనేది. సర్ది అంటే ఆమె మాటల్లో జలుబు. మా సందులో మిగతా ఇళ్ల పిల్లలు గోనెసంచుల మీద నడిచే మమ్మల్ని చూడ్డానికి పనిగట్టుకుని వచ్చేవాళ్లు.

నాయనమ్మ చలికాలం మహా శివరాత్రి దాకా సాగేది. తలస్నానం ఆదివారం ఒక్కరోజే, అదీ ఎండ వాకిట్లోకి వచ్చాకనే. తడి జుట్టుతో ఒక్క క్షణం ఉండనిచ్చేది కాదు. కుంపట్లో నిప్పుల మీద ఇంత ఊదు వేసి, పైన వెదురు బుట్ట బోర్లించి, దాని మీద మా జుట్టు పరిచి కూర్చోబెట్టేది. బుధవారం దాకా మా జడలు ఊదు వాసనే వేసేవి. చీకటి పడితే పెరుగు లేదు. సీతాఫలాల కాలం వెళ్లిపోతున్నా మా ఇంట్లోకి ఒక్క కాయ రానిచ్చేది కాదు, అవి సర్ది పండ్లని ఆమె నమ్మకం. స్టేషను ముందు బుట్టలు పెట్టుకుని అమ్మే ఆడవాళ్లు మమ్మల్ని చూసి పిలవడం కూడా మానేశారు. రాత్రి అన్నంలోకి మిరియాల చారు, పడుకునే ముందు గోరువెచ్చని నువ్వుల నూనె చుక్క వేసిన దూది చెవుల్లో, మెడలో వాము మూట. ఆ వాము వాసన, ఊదు వాసన, గోనెసంచుల వాసన కలిసి మా ఇంటికి ఒక ప్రత్యేకమైన గాలి ఉండేది. ఇప్పుడు ఎక్కడ వాము వేగినా నాకు ముందు ఆ ఇల్లు గుర్తొస్తుంది, ఆ తర్వాత మా అక్క గుర్తొస్తుంది.

మా బాపు ఆబిడ్స్‌లో ఒక బట్టల దుకాణంలో పనిచేసేవాడు. చలికాలం వస్తే ఆయన గిరాకీలకు స్వెట్టర్లూ శాలువాలూ విప్పి చూపించేవాడు. నేతలో లోపం వచ్చి అమ్ముడుపోని మఫ్లరొకటి యజమాని ఆయనకు ఇచ్చేశాడు. పొద్దున దాన్ని తలకూ చెవులకూ చుట్టుకుని నడిచిపోయేవాడు, దుకాణం మలుపు దగ్గర విప్పి జేబులో పెట్టుకునేవాడు. దుకాణంలో టిప్‌టాప్‌గా కనబడాలి కదా. తల్లి మాట కాదనడం ఆయనకు చేతనయ్యేది కాదు. కాదనలేకపోవడం కొన్నిసార్లు ఆయనకు అనువుగా కూడా ఉండేదని పెద్దయ్యాక అర్థమైంది.

ఈ జాగ్రత్తలన్నీ ఆరోగ్యం కోసమే అనుకుంటే పొరపాటు. మాది స్టేషనుకు ఆనుకున్న ఇల్లు. ఊళ్ల నుంచి చుట్టాలు రాత్రి మా ఇంట్లో దిగి పొద్దున బండెక్కేవాళ్లు. వారంలో నాలుగు రోజులు ఎవరో ఒకరు మా గడప దాటి ప్రయాణమయ్యేవాళ్లే. ఆ వేళకు ఎవరైనా ఒక్కసారి తుమ్మితే పని చెడుతుందని నాయనమ్మ గట్టి నమ్మకం. బజారుకో ఆఫీసుకో అయితే వెనక్కొచ్చి కూర్చుని, గ్లాసెడు నీళ్లు తాగి వెళ్లొచ్చు. కొత్త పనికి, మొదటి అడుగుకు మాత్రం ఆ సవరింపు చాలదు, ఇంకో రోజు చూసుకోవాల్సిందే. అయితే ఆమె శాస్త్రంలో ఒక వెసులుబాటు ఉండేది. సర్ది చేసినవాళ్ల తుమ్ముకు దోషం లేదు. అది ముక్కు పని, దేవుడి పని కాదు. దానికి ఆమె పెట్టిన పేరు సర్ది తుమ్ము. ఏ సర్దీ లేనివాళ్లు తుమ్మితే అది ఉత్త తుమ్ము, దాన్ని ఖాతరు చేయాలి. అందుకని మా ఇంట్లో ఎవరు తుమ్మినా ముందు విచారణ జరిగేది. నుదుటి మీద చేతి వెనకవైపు ఆనించి చూసేది, వెలుతురుకు తిప్పి ముక్కు చూసేది, ఆపైన "సర్ది అయ్యిందా నీకు?" అని అడిగేది. ఒకసారి మా బాబాయి బండి అందుకోవాలనే ఆరాటంలో తానే తుమ్మి, తానే "సర్ది అయ్యిందమ్మా, రాత్రి నుంచి ఒకటే చీదుడు" అని ప్రమాణం చేసి పరుగెత్తాడు. అది ఇంట్లో చాలా రోజులు నవ్వులాట.

మా అక్క సరోజ నాకన్నా తొమ్మిదేళ్లు పెద్ద. మెట్రిక్ ప్యాసై, ఇంట్లోవాళ్లకు చెప్పీ చెప్పకుండా దరఖాస్తు పెట్టుకుంటే, వరంగల్లో టెలిఫోన్ ఆపరేటర్ ఉద్యోగం వచ్చింది. దరఖాస్తు సంగతి అమ్మకు మాత్రమే తెలుసు. ఉత్తరం వచ్చిన రోజు బాపు దాన్ని రెండుసార్లు చదివి మడిచి అలమారలో పెట్టాడు. ఆడపిల్ల ఒక్కతీ పరాయి ఊళ్లో ఎట్లా ఉంటుందని వారం రోజులు ఇంట్లో నడిచింది. అమ్మ ఆ వారంలో మాట్లాడినంతగా తన కాపురం మొత్తంలో మాట్లాడి ఉండదు. వరంగల్లో అమ్మ పినతల్లి ఉందని, ఆమె ఇంట్లో ఉంటుందని ఒప్పించింది. చివరకు నాయనమ్మ కూడా సరేనంది. సరే అన్నాక అక్క గొంతు బాధ్యత తనమీద వేసుకుంది. గొంతుతో చేసే ఉద్యోగం కదా. రోజుకు రెండుపూటలా శొంఠి కషాయం, మెడకు ఉన్ని గుడ్డ. అక్క ఆ గుడ్డ కట్టుకుని, చెవి దగ్గర రోకలి పట్టుకుని "నంబర్ ప్లీజ్, నంబర్ ప్లీజ్" అని సాధన చేసేది. నేను వాకిట్లోంచి ఏదో ఒక నంబరు అరిచేదాన్ని. "లైన్ ఎంగేజ్ ఉన్నది మేడం, జర ఆగండి" అనేది. ఆమె ఆ మాట అన్నప్పుడు నాకు ఎంత గర్వంగా ఉండేదో, ఆమె వెళ్లిపోతుందన్న సంగతి గుర్తొచ్చి అంత కోపంగానూ ఉండేది. నా జడ వేసేది అక్క, నన్ను బడికి తీసుకుపోయేది అక్క, రాత్రి నా చెవుల్లో దూది పెట్టేది అక్క.

బుధవారం సాయంత్రం లోపల చేరాలని ఉత్తరంలో రాసి ఉంది. లేకపోతే ఆ జాగా జాబితాలో తర్వాతి మనిషికి ఇస్తారు. సోమవారం పొద్దుటి బండికి పోదామని నాయనమ్మ పంచాంగం చూసి నిర్ణయించింది. ఆదివారం సాయంత్రం సబ్బుపెట్టె, రుమాళ్లు కొనుక్కోవడానికి అక్క నన్ను వెంటబెట్టుకుని ఆబిడ్స్ వెళ్లింది. పని అయ్యాక ఇంటి దారి పట్టకుండా నన్నొక ఐస్‌క్రీం దుకాణంలోకి తీసుకెళ్లింది. చలి మొదలైన సాయంత్రం, లోపల మేమిద్దరం తప్ప ఎవరూ లేరు. గాజు కప్పులో గులాబీ రంగు ఐస్‌క్రీం వచ్చింది. అక్క తన వంతులో కూడా సగం నాకు పెట్టింది. "నాయనమ్మకు చెప్పకు చెల్లె, నన్ను సంపుతది" అంది. చెప్పనని ఒట్టు పెట్టాను. ఆ సాయంత్రం నేనెంత సంతోషంగా ఉన్నానో చెప్పలేను.

పొద్దున లేచేసరికి గొంతులో గరగరమంటోంది. ముక్కు లోపల దురద. ఎవరికీ చెప్పలేదు. వాకిట్లో రిక్షా వచ్చి నిలబడింది. బాపు అక్కతో వరంగల్ దాకా వెళ్లి దింపి రావడానికి దుకాణంలో సెలవు పెట్టాడు. అక్క నాయనమ్మ కాళ్లకు మొక్కింది, అమ్మ కాళ్లకు మొక్కింది, నా బుగ్గ పట్టుకుని ఊపింది. ట్రంకుపెట్టె రిక్షా దగ్గరికి చేరింది. అక్క ఒక కాలు గడప అవతల పెట్టింది. నేను తుమ్మాను.

ఆ తుమ్ముతో అంతా ఆగిపోయింది. రిక్షా అతను కూడా తొక్కడానికి సీటెక్కినవాడు మళ్లీ దిగి నిలబడ్డాడు. నాయనమ్మ గోనెసంచుల మీదుగానే నా దగ్గరికి వచ్చి నుదురు చూసింది, గడ్డం పట్టుకుని మొహం వెలుతురుకు తిప్పింది.

"సర్దే అయ్యుంటది అత్తమ్మా, లేచినకాడికెళ్లి ముక్కు గుంజుకుంటనే ఉన్నది" అంది అమ్మ.

"నువ్వు చెప్పకు. దాన్ని చెప్పనియ్" అంది నాయనమ్మ. "పద్మా, సర్ది అయ్యిందా నీకు?"

నేను అక్క వైపు చూశాను. గడప మీద అట్లాగే నిలబడి ఉంది, ఒక కాలు లోపల, ఒక కాలు బయట. "చెప్పు చెల్లె, ఏం గాదు. చెప్పు" అంది మెల్లగా. ఒట్టు పెట్టించుకున్న మనిషే ఒట్టు తీసి గట్టున పెట్టింది. అది నాకు అర్థం కాలేదని చెప్పుకోవడానికి చాలా ఏళ్లు ప్రయత్నించాను. అర్థమైంది. ఔనంటే ఎందుకయిందని అడుగుతారు, ఐస్‌క్రీం సంగతి బయటికొస్తుంది, బాపు చేతి దెబ్బలు తినాలి. ఆ భయం నిజమే. కానీ ఆ భయం పక్కనే ఇంకొకటి కూడా ఉంది. లేదంటే అక్క పోదు.

"లేదు" అన్నాను.

"ఉత్త తుమ్మే" అంది నాయనమ్మ. ఆమె మొహంలో సంతోషమేమీ లేదు, నిజంగానే దిగులు పడింది. బాపు రిక్షాలోంచి ట్రంకుపెట్టె దింపించి, మఫ్లరు విప్పి ఆ పెట్టె మీద కూర్చున్నాడు. "దేవుడే వద్దంటుండె, ఏం జేస్తం" అన్నాడు. పదేళ్ల పిల్లనే అయినా, ఆయన గొంతులో బరువు దిగిపోవడం నాకూ వినిపించింది. అమ్మ వంటింట్లోకి వెళ్లిపోయింది. అక్క గడప మీంచి బయటి కాలు లోపలికి తీసుకుంది.

మంగళవారం ప్రయాణానికి పనికిరాదంది నాయనమ్మ, ఉత్త తుమ్ము పడ్డ పనిని మూడు రోజుల దాకా మళ్లీ మొదలుపెట్టకూడదనీ అంది. ఆ మంగళవారానికి నాకు సర్ది పూర్తిగా ముదిరింది. అప్పుడు నేను చేసిన పని ఆ లేదనడం కన్నా పెద్దది. నాయనమ్మ దగ్గర నేర్చుకున్న విద్యలన్నీ ఆమె మీదే ప్రయోగించాను. రెండు మిరియపు గింజలు దవడన పెట్టుకుని బడికి పోయాను. వాము మూట రుమాలులో చుట్టి మధ్యాహ్నం దాకా పీలుస్తూ కూర్చున్నాను. ఇంటికొచ్చాక తుమ్ము వస్తుందనిపిస్తే పై పెదవి గట్టిగా నొక్కుకునేదాన్ని. అయినా ఆగకపోతే వాకిట్లోకి పోయి, స్టేషన్లో ఇంజను కూత పెట్టేదాకా బిగబట్టి, ఆ కూతలో తుమ్మేదాన్ని. అడగకముందే గోనెసంచుల మీద నడిచాను, అడగకముందే మిరియాల చారు తాగాను. "పోరి బుద్ధిమంతురాలైంది" అని నాయనమ్మ మురిసిపోయింది. బుధవారం గడిచిపోయింది. శుక్రవారం జ్వరంతో పడ్డాను. "ఎప్పటికెళ్లి బిడ్డా?" అని అడిగితే "ఇయ్యాల్నే" అన్నాను. నాయనమ్మ మూడు రోజులు నా మంచం వదల్లేదు. నా చెవుల్లో దూది ఎప్పటిలాగే అక్కే పెట్టింది.

రెండేళ్లకు అక్కకు బేగం బజారులో పెళ్లయింది. కింద దుకాణం, పైన ఇల్లు. మిరియాలు, శొంఠి, వాము బస్తాల లెక్కన అమ్మే వ్యాపారం. బావ చెడ్డవాడు కాదు, అత్తగారూ చెడ్డది కాదు. దుకాణంలో ఫోను ఉండేది. మగవాళ్లే తీసేవాళ్లు. అది మోగినప్పుడల్లా అక్క మేడ మీద వంటింట్లో చేతిలో పని ఒక్క క్షణం ఆపేది. నేను వెళ్లిన ప్రతిసారీ చూశాను. ఆమెకు ఆ అలవాటు ఉన్నట్టు ఆమెకే తెలియదేమో. నేను మాత్రం కోఠిలో కాలేజీకి వెళ్లాను, ఉద్యోగం చేశాను. కాలేజీలో మూఢనమ్మకాల మీద వక్తృత్వ పోటీ పెడితే, తుమ్ము వల్ల ఉద్యోగం పోగొట్టుకున్న ఒక అమ్మాయి కథ చెప్పి అందరి చేతా చప్పట్లు కొట్టించుకున్నాను. ఆ కథలో ఒక ముసలమ్మ ఉంది, ఒక తండ్రి ఉన్నాడు. పదేళ్ల పిల్ల లేదు. బహుమతిగా వచ్చిన కప్పు అక్కకు చూపిస్తే చీర చెంగుతో తుడిచి ఇచ్చింది.

నాయనమ్మను తప్పుపట్టడం నాకు సులువుగా ఉండేది. ఇప్పుడు ఆ తీర్పు అంత ధైర్యంగా చెప్పలేను. ఈ కాలంలో పిల్లలకు జలుబు చేస్తే ఒక మాత్ర, ఒక సీసా మందు, మళ్లీ బడి. ఎవరి తుమ్మూ ఎవరినీ ఆపదు, అది మంచిదే. కానీ నుదుటి మీద చేతి వెనకవైపు ఆనించి, నువ్వు చెప్పిందే నమ్ముతానని పిల్లదాని మొహంలోకి చూసి అడిగే మనిషీ కనబడదు. నాయనమ్మ నా మాట నమ్మింది. పెద్ద కోడలైన మా అమ్మ మాట పక్కనబెట్టి మరీ నమ్మింది. ఆ నమ్మకాన్ని ఏం చేశానన్నది నాకు మిగిలిపోయింది.

మనవరాలు తుమ్మిన వారానికి నేను హిమాయత్‌నగర్ వెళ్లాను. అక్క ఇప్పుడు అక్కడ చిన్నకొడుకు దగ్గర ఉంటోంది. ఎనభై దాటాయి. చెవుల్లో దూది, కాళ్లకు మేజోళ్లు, పక్కన వేడినీళ్ల ఫ్లాస్కు. అక్క కోడలు టీ ఇచ్చి లోపలికి వెళ్లాక మొత్తం చెప్పేశాను. గొంతులో గరగర, ఒట్టు, దెబ్బల భయం, ఆమె పోకూడదన్న ఆశ, మిరియపు గింజలు, ఇంజను కూత, ఏదీ దాచలేదు. చెబుతుంటే ఏడుపొచ్చింది. అక్క మధ్యలో ఆపలేదు.

"ఐస్‌క్రీం తినిపిచ్చింది నేనాయె, చెప్పొద్దన్నది నేనాయె. చిన్నపోరివి, గడప కాడ భయపడ్డవ్. గాయింత దానికి ఇప్పుడు ఏడుస్తరా" అంది.

నా గుండె తేలికైంది. "నీకు అప్పుడే తెలుసా అక్కా, నాకు సర్ది అయ్యిందని?"

"తెల్వకేంది. పొద్దున జడేస్తుంటే నీ ఊపిరి గురగురమంటుండె."

"మరి నువ్వే చెప్పొచ్చు గదా?"

"నేను చెప్తే ఎవరు నమ్ముతరే? పోవాలని ఉన్నది నాకాయె." అక్క ఫ్లాస్కు మూత తిప్పి, మళ్లీ బిగించింది. నా వైపు చూడలేదు. "బుధారం తెల్లారుగట్ల ఇంకో బండి ఉండె. పగటికల్లా దింపుతుండె. నువ్వు మంగళారం నాడు ఒక్క మాట చెప్పినా నేను పోతుంటి. నువ్వు వచ్చి చెప్తవేమో అని బుధారం పొద్దుగూకేదాక పెట్టె విప్పలే నేను."